పారిపోయే గాలిని పట్టి ఉంచిన పనితనం

హైడ్రోజన్ కారులోని ఫ్యూయెల్ సెల్ స్టాక్‌ను విప్పి బల్ల మీద పరిస్తే కనిపించేవి మూడే రకాల వస్తువులు: గీతలు చెక్కినట్టున్న పలుచటి లోహపు రేకులు, నల్లటి కార్బన్ కాగితాలు, ఆ కాగితాల మధ్య ఇరుక్కుని ఒక ప్లాస్టిక్ పొర. అందులో పిస్టన్ లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు, మంట అసలే లేదు. 2020లో వచ్చిన రెండో తరం టొయోటా మిరాయ్‌లో ఇలాంటి సెల్స్ 330 ఉంటాయి. బండి నడుస్తున్నప్పుడు ఒక్కో సెల్ ఇచ్చేది వోల్టులో మూడింట రెండు వంతులు. టార్చిలైటులో వేసే బ్యాటరీ అంతకు రెట్టింపు ఇస్తుంది. వాటిని వరుసగా పేర్చి, గట్టిగా బిగిస్తే 128 కిలోవాట్ల శక్తి వస్తుంది. 2022 మార్చిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు వచ్చింది ఈ కారులోనే.

ఆ పొర దగ్గర కాసేపు ఆగాలి. దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో నాలుగో వంతు. దానికి అటూ ఇటూ ప్లాటినం రేణువులు పూసి ఉంటాయి. ఒకవైపు నుంచి వచ్చిన హైడ్రోజన్‌ను ప్లాటినం ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడగొడుతుంది. పొర ప్రోటాన్లకు మాత్రమే దారి ఇస్తుంది. ఎలక్ట్రాన్లు లోపలికి పోలేక బయటి తీగ గుండా చుట్టూ తిరిగి వెళతాయి. ఆ తిరుగుడులోనే మోటారును తిప్పుతాయి. రెండూ అవతలి వైపు గాలిలోని ఆక్సిజన్‌ను కలుసుకుని నీరవుతాయి. ఈ సూత్రాన్ని 1839లోనే విలియం గ్రోవ్ ప్రయోగంలో చూపించాడు. ప్లాస్టిక్ పొరతో సెల్ తయారైంది మాత్రం 1955లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో. పదేళ్లకు జెమిని 5 వ్యోమనౌకలో అది అంతరిక్షానికి వెళ్లింది. దాన్ని కారు ధరకు దించి, కారు కుదుపులను తట్టుకునేలా చేయడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఎందుకంత కాలం? పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లు కదులుతాయి. ఎండితే కరెంటు పడిపోతుంది. తడి మరీ ఎక్కువైతే నీటిచుక్కలు రేకు మీది సన్నని కాలువల్లో అడ్డం పడి గాలిని ఆపేస్తాయి. 330 సెల్స్‌లో ఒక్కదానికి హైడ్రోజన్ అందకపోయినా ఆ సెల్‌లో వోల్టేజి తిరగబడి, కార్బన్ తరిగిపోవడం మొదలవుతుంది. వరుసలో ఒకటి పాడైతే మొత్తం స్టాక్ దెబ్బతింటుంది. అందుకే ప్రతి రేకు మీద బిగింపు ఒకేలా ఉండాలి, ప్రతి గాస్కెట్టు ఒకే మందంతో ఉండాలి. మొదట్లో వచ్చిన సెల్స్‌లో పొరను తడిపి ఉంచడానికి విడిగా ఒక పరికరం పెట్టేవారు. 2014 నాటి మొదటి మిరాయ్‌లో ఇంజనీర్లు దాన్ని తీసేశారు. సెల్ తనంతట తాను తయారు చేసుకునే నీటినే లోపల తిప్పి పొరను తడిపే ఏర్పాటు చేశారు. బరువు తగ్గింది, చెడిపోయే భాగం ఒకటి తగ్గింది. కారు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని అదే. కొత్త భాగాన్ని చేర్చడం కన్నా ఉన్న భాగాన్ని అవసరం లేకుండా చేయడానికి ఎక్కువ తెలివి కావాలి.

ఇక ట్యాంకు. కిలో హైడ్రోజన్‌లో 120 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. బరువు లెక్కన పెట్రోలు కన్నా ఇది దాదాపు మూడింతలు. కానీ మామూలు పీడనంలో ఆ కిలోకు 12 ఘనమీటర్ల చోటు కావాలి. మిరాయ్ మోసుకెళ్లే 5.6 కిలోలను బయట వదిలితే మూడు మీటర్ల ఎత్తున్న పెద్ద హాలు నిండిపోతుంది. దాన్ని మూడు ట్యాంకుల్లో, మొత్తం 142 లీటర్ల చోటులోకి దించడానికి 700 బార్ల పీడనం పెట్టాలి. టైరులో మనం కొట్టించే గాలికి ఇది దాదాపు మూడు వందల రెట్లు.

ఈ పీడనానికి ఉక్కు సిలిండర్ కడితే బండి దాని బరువే మోస్తూ తిరగాలి. పైగా హైడ్రోజన్ అణువు చాలా చిన్నది. అది ఉక్కులోకి చొరబడి లోహాన్ని పెళుసు చేస్తుంది. అందుకే నాలుగో రకం అనే ట్యాంకు వచ్చింది. లోపల గాలి దాటలేని ప్లాస్టిక్ బుంగ, దాని చుట్టూ జిగురులో తడిపిన కార్బన్ ఫైబర్ పోగులు. నడుము చుట్టూ కొన్ని పోగులు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు కొన్ని ఏటవాలుగా. ఏ పోగు ఏ కోణంలో పడాలో ముందే లెక్క కట్టి యంత్రం చుడుతుంది. ఒక కోణం తప్పితే ఆ చోట బలం తగ్గుతుంది. పని చేసే పీడనానికి 2.25 రెట్ల దాకా, అంటే 1,575 బార్ల దాకా ట్యాంకు పగలకూడదన్నది చాలాకాలం పాటించిన నియమం. మంటల్లో చిక్కుకుంటే, దాదాపు 110 డిగ్రీల దగ్గర కరిగే చిన్న కవాటం తెరుచుకుని గ్యాస్ పైకి వెళ్లిపోతుంది. గాలి కన్నా 14 రెట్లు తేలిక కాబట్టి అది నేల మీద పేరుకోదు. ఇలా పోగులు చుట్టే విద్య హైదరాబాద్‌కు తెలియనిది కాదు. నగరానికి దక్షిణాన, డీఆర్‌డీవోకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీలో అగ్ని క్షిపణుల మోటార్ల తొడుగులను ఈ పద్ధతిలోనే చేశారు.

ఉత్తరాన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వస్తే ఈ పనితనానికి సొంత చిరునామా బాలానగర్. 1970లో ఇక్కడ మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ ఇస్రో క్రయోజెనిక్ ఇంజన్లకు టర్బో పంపుల వంటి భాగాలు చేస్తుంది. ఆ ఇంజన్లలో హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. ఆ చలికి లోహం ముడుచుకుంటుంది. ముడుచుకున్నాక కూడా పంపు తిరగాలి, సందు పెరగకూడదు, రాపిడి రాకూడదు. గది వేడిలో కోసే మెషినిస్టు ఆ ముడుచుకోబోయే కొలతను ముందే మనసులో పెట్టుకుని కోయాలి. ఇదే సంస్థ అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీకి ఫ్యూయెల్ సెల్ పవర్ యూనిట్లు కూడా చేసి పంపుతుంది. వాటిని హాట్ బాక్సులు అంటారు. అవి పని చేసేది దాదాపు 800 డిగ్రీల వేడిలో. ఒక చోట గడ్డకట్టించే చలి, ఇంకో చోట కొలిమి వేడి, మధ్యలో అదే ఊరి కొలతలు. ఆ హాట్ బాక్సులు కారుకు పనికిరావు. అంత వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది కాబట్టి అవి భవనాలకు, డేటా సెంటర్లకు కరెంటు ఇస్తాయి. అయినా హైడ్రోజన్ యుగానికి కావలసిన లోహపు పని మన దగ్గర ఉందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బండి కట్టడమూ మనవాళ్లకు వచ్చు. హైదరాబాద్ సంస్థ ఒలెక్ట్రా 2023 ఫిబ్రవరిలో రిలయన్స్ సాంకేతిక సహకారంతో 12 మీటర్ల హైడ్రోజన్ బస్సును చూపించింది. పైకప్పు మీద నాలుగో రకం సిలిండర్లు, 15 నిమిషాల్లో నింపడం, ఒకసారి నింపితే 400 కిలోమీటర్ల దాకా ప్రయాణం అని ప్రకటించింది. హర్యానాలో జింద్–సోనిపట్ మధ్య 89 కిలోమీటర్ల మార్గానికి దేశపు తొలి హైడ్రోజన్ రైలును అమర్చే పని కూడా హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్‌కు దక్కింది. ఆ రైలు పవర్ కారును 2025 జులైలో చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పరీక్షించారు. కానీ రైలులోని ఫ్యూయెల్ సెల్స్ కెనడాలోని బల్లార్డ్ సంస్థవి. పైన నేను అంతసేపు వర్ణించిన ఆ పొర ఇంకా మన చేతికి రాలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ చెన్నైలో ఒక ఫ్యూయెల్ సెల్ కేంద్రాన్ని నడుపుతూ ఇలాంటి స్టాక్‌ల మీద చాలా ఏళ్లుగా పని చేస్తోంది. ఆ పనికి మరింత డబ్బు, మరింత ఓపిక పెట్టాలి.

ఇన్ని ఉన్నా హైడ్రోజన్ కారు మన వీధిలో ఎందుకు లేదు? జవాబు హైదరాబాద్ ఉత్తర శివారు శామీర్‌పేటలో దొరుకుతుంది. భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ మదర్ స్టేషన్ అక్కడ ఉంది. పైపులో వచ్చిన సహజ వాయువును ఒత్తిడి పెట్టి, వరుస సిలిండర్ల క్యాస్కేడ్‌లలో నింపి, లారీల మీద నగరంలోని బంకులకు పంపుతారు. ఆటోలు, బస్సులు, కార్లు వాడే సీఎన్‌జీ అలా చేరుతుంది. మొత్తం నీటి కొలతలో 3,000 లీటర్లు పట్టే క్యాస్కేడ్ ఒకటి తీసుకుందాం. 200 బార్ల దగ్గర అందులో దాదాపు 500 కిలోల సహజ వాయువు పడుతుంది. అదే క్యాస్కేడ్‌లో అదే పీడనంతో హైడ్రోజన్ నింపితే పట్టేది సుమారు 45 కిలోలు. అది ఎనిమిది మిరాయ్‌లకు సరిపోతుంది. శక్తి లెక్క కడితే సహజ వాయువులో అయిదో వంతు. ఫ్యూయెల్ సెల్ పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి కొంత తేరుకుంటాం, కానీ లారీ డీజిలు, డ్రైవర్ జీతం మారవు. పైగా బంకు దగ్గర దాన్ని 200 నుంచి 700 బార్లకు ఎక్కించాలి. వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది. 85 డిగ్రీలు దాటకూడదు కాబట్టి, నింపే ముందు గ్యాస్‌ను మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరచాలి. మే నెలలో మన ఎండలో ఆ చల్లబరిచే యంత్రం ఎంత కరెంటు తాగుతుందో ఊహించుకోవచ్చు. స్వచ్ఛత కూడా 99.97 శాతం ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ జాడ తగిలినా ప్లాటినం పని మానేస్తుంది.

ఇక తయారీ. ప్రపంచంలో ఇప్పుడు దొరికే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజ వాయువు నుంచో బొగ్గు నుంచో తీసిందే. సహజ వాయువు నుంచి తీస్తే కిలోకు 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. నీటి నుంచి తీస్తే పొగ ఉండదు, కరెంటు కావాలి. చాలామంది నీటి గురించి భయపడతారు కానీ అది చిన్న విషయం. రసాయన లెక్క ప్రకారం కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల నీరు చాలు. కారు నడిచాక అంతే నీరు గొట్టం నుంచి తిరిగి వస్తుంది. శామీర్‌పేట చెరువుకు దీనివల్ల ముప్పు లేదు. ముప్పంతా కరెంటు మీటరు దగ్గర ఉంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50–55 యూనిట్లు, ఒత్తిడి పెట్టి చల్లబరచడానికి మరికొన్ని. మొత్తం 60 యూనిట్లు అనుకుంటే ఆ కిలోతో మిరాయ్ 116 కిలోమీటర్లు పోతుంది. అవే 60 యూనిట్లు బ్యాటరీ కారుకు పెడితే 350 కిలోమీటర్ల దాకా పోతుంది. ఈ మూడింతల తేడాను ఏ పనితనమూ పూడ్చలేదు. కాలిఫోర్నియాలో షెల్ సంస్థ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులను మూసేయడం దీనికి తగ్గట్టే ఉంది.

మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై సాగే లారీల సంగతి వేరు. వందల కిలోమీటర్లు ఆగకుండా పోయే బరువు బండికి బ్యాటరీ పెడితే సరుకు మోయాల్సిన చోట బ్యాటరీని మోయాలి, గంటల తరబడి చార్జింగు దగ్గర నిలబడాలి. పైగా ఈ లారీలకు దారి ఒకటే, డిపో ఒకటే, కాబట్టి ఊరంతా బంకులు అక్కర్లేదు. దారిలో నాలుగు చాలు. కారు కోసం కట్టే బంకు ఖాళీగా ఉంటుంది, లారీల కోసం కట్టే బంకుకు మొదటి రోజు నుంచే పని ఉంటుంది. రైలుకు మాత్రం ఇక్కడ హైడ్రోజన్ అక్కర్లేదు. మేడ్చల్ ఎంఎంటీఎస్ లోకల్ రైలు కరెంటు తీగ కిందే నడుస్తోంది.

జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించింది. దాని కింద 2025 మార్చిలో 37 బస్సులు, లారీలను, తొమ్మిది బంకులను పది మార్గాల్లో పరీక్షించాలని నిర్ణయించారు. వాటిలో విశాఖపట్నం–బయ్యవరం ఉంది. తెలంగాణ మార్గం ఒక్కటీ లేదు. పంపు కోసే చేతులు, బస్సు కట్టే చేతులు, రైలు అమర్చే చేతులు ఉన్న చోటికి పరీక్ష రాకపోవడం సరికాదు. కొనబోయే సొంత కారు విషయంలో నా మాట బ్యాటరీకే. కానీ ఔటర్ రింగు రోడ్డు, 44వ రహదారి కలిసే మేడ్చల్ దగ్గర లారీల కోసం ఒక హైడ్రోజన్ బంకు పెట్టమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి, తదుపరి విడత మార్గాలు ఖరారయ్యే లోపే అడగాలి.