“పిచ్చికుక్క వ్యాధి” అను పేరు సరియైనదేనా?

రేబిస్ వ్యాధికి మన భాషలో వాడుకైన పేరు “పిచ్చికుక్క వ్యాధి”. పాఠములలోను, గోడపత్రికలలోను సాధారణముగా దానిని ఈ పేరుతోనే పరిచయము చేయుచుందుము. ఆ బోధనలోని మంచిచెడ్డలను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా మంచిని చెప్పవలెను. మనుష్యులకు వచ్చు రేబిస్‌లో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే సోకుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2021లో భారత ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ కార్యప్రణాళిక లక్ష్యము కూడ 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చు రేబిస్‌ను నిర్మూలించుటయే. కావున కుక్కకు మొదటి స్థానము నిచ్చుట న్యాయమే. కాని కుక్కతోనే పాఠమును ముగించుట వలన కొందరికి అపాయము గలదు.

రుద్రంగి వంటి ఊళ్లను తలచుకొనుడు. గుట్టలు, అడవి, వాటిని ఆనుకొని పొలములు. ఎండకాలములో తునికాకు తెంపుటకు తెల్లవారుజామున అడవికి పోవువారు, మేకలను మేపువారు, రాత్రులు పంటకు కావలి యుండువారు ఈ ప్రాంతమున ఉందురు. వీరికి నక్కయో, తోడేలో, ముంగిసయో ఎదురు కావచ్చును. ఆ వైపు నుండి వచ్చిన విద్యార్థి యొకడు ఒకనాడు నన్ను, “సార్, నక్క కరిస్తే గూడ పది రోజులు చూడాల్నా?” అని అడిగినాడు. మన పాఠములోని లోపమంతయు ఆ ప్రశ్నలో ఉన్నది.

పది దినముల నియమము కుక్కకు, పిల్లికి మాత్రమే వర్తించును. ఈ జంతువుల లాలాజలములో వైరస్ చేరిన తరువాత అవి పది దినములలోపల జబ్బుపడి చచ్చును. పది దినములు ఆరోగ్యముగా నున్నచో, కరచిననాడు లాలాజలములో వైరస్ లేదని తేలును. అప్పుడు కూడ టీకా మొదటనే ప్రారంభించి, ఆ పిమ్మట జంతువును గమనించవలెను. అడవి జంతువుల విషయములో ఇట్టి నమ్మకమైన గడువు లేదు. కరచిన నక్క మనకొరకు కూర్చుండియు ఉండదు. అందుచేతనే మన దేశపు వైద్య మార్గదర్శకములు అడవి జంతువుల కాట్లను అతితీవ్రమైన మూడవ తరగతిలో చేర్చినవి. టీకాతో పాటు గాయములోను, దాని చుట్టును ప్రతిరక్షక ద్రవమును ఎక్కించవలెను.

ఈ ద్రవము ఎంత అవసరమో 1954లో ఇరాన్‌లో తెలియవచ్చినది. పిచ్చిపట్టిన తోడేలొకటి ఒక గ్రామములో పలువురను కరచినది. తలపై తీవ్రముగా గాయపడినవారిలో టీకా మాత్రమే పొందిన ఐదుగురిలో ముగ్గురు మరణించిరి. టీకాతో పాటు సీరమ్ కూడ పొందిన 13 మందిలో మరణించినది ఒక్కరే. వైరస్ నరముల వెంబడి మెదడునకు ప్రయాణించును. తలపై కాటు పడినచో ఆ దారి పొట్టిది. టీకా వలన శరీరములో రక్షణ ఏర్పడుటకు కొన్ని దినములు పట్టును. ఆ లోపల కాపాడునది సీరమ్.

రెండవ లోపము, పిచ్చి జంతువు నీటికి భయపడునని చెప్పుట. జలభీతి మనుష్య రోగి లక్షణము. పిచ్చిపట్టిన జంతువు నీరు త్రాగవచ్చును, వాగును దాటనువచ్చును. అడవి జంతువు మనిషిని చూచి బెదరక పట్టపగలు ఊరిలోనికి వచ్చుటయే అనుమానింపదగిన గుర్తు. సాధువుగా కనిపించినను దానిని తాకరాదు.

సుశ్రుత సంహితలోని కల్పస్థానము ఈ వ్యాధిని వర్ణించుచు కుక్కతో పాటు నక్కను, దుమ్ములగొండిని, ఎలుగును, పులిని పేర్కొన్నది. రోగికి కలుగు జలత్రాసమును మరణలక్షణముగా చెప్పినది. గాయమును కాల్చుమన్న చికిత్స నేడు పనికిరాదు; కాని జంతువుల జాబితాలో ఆ ప్రాచీన గ్రంథము మన పాఠముకంటె విశాలముగా నున్నది.

కావున ఉపాధ్యాయులు “రేబిస్” అనియే చెప్పి, ఇది క్షీరదముల వ్యాధి యని బోధింతురు గాక. కరచిన వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలల వరకు ఏ లక్షణమును కనిపించదు. కనిపించిన పిమ్మట బ్రతుకుట అత్యంత అరుదు. ఆ విద్యార్థికి నేను చెప్పిన సమాధానము ఇదియే: నక్క కరచినచో ఒక్క దినమైనను చూడరాదు.