ఏటా ఒక కొత్త మేష్టారు

డాలస్ కౌబాయ్స్ డిఫెన్స్‌కు మూడేళ్లుగా ఏటా ఒక కొత్త మేష్టారు వస్తున్నాడు. 2024లో మైక్ జిమ్మర్, 2025లో మ్యాట్ ఎబర్‌ఫ్లస్, ఇప్పుడు క్రిస్టియన్ పార్కర్. అంతకుముందు డాన్ క్విన్ మూడు సీజన్లు నిలిచాడు. ఆయనకు ముందు వచ్చిన మైక్ నోలన్‌కు ఒక్క ఏడాదికే ఉద్వాసన. ఏడు సీజన్లకు అయిదుగురన్నమాట. ఈ పేర్లు మీకు తెలియకపోవచ్చు. కానీ డాలస్ దగ్గరి ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మీకో తమ్ముడో మేనకోడలో ఉండి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు గొంతు నీరసంగా వినిపించిందంటే, కారణం ఈ అయిదుగురిలో ఒకడై ఉండొచ్చు.

మొన్నటి సీజన్ మరీ అన్యాయం. పదిహేడు ఆటల్లో ఎదుటి జట్లకు 511 పాయింట్లు ఇచ్చుకున్నారు. లీగ్‌లో ఇంకెవరూ అన్ని ఇవ్వలేదు, ఈ క్లబ్బు చరిత్రలోనూ ఎప్పుడూ అన్ని పోలేదు. జనవరిలో ఎబర్‌ఫ్లస్‌ను తీసేశారు. మా వాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఆ ఊరట మీద అనుమానం.

ఈ ఆట చూడనివారి కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి మనదైనప్పుడు ఆడే పదకొండు మంది వేరు, బంతి ఎదుటివాళ్లదైనప్పుడు అడ్డుకునే పదకొండు మంది వేరు. ఈ రెండో గుంపుకు పథకం రాసి, వారమంతా నేర్పించి, ఆటలో ప్రతి ఎత్తుకూ ఏం చేయాలో చెప్పేవాడు డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ఆయన పైన హెడ్ కోచ్ ఉంటాడు. అయినా పాయింట్లు పోతున్నప్పుడు కెమెరా ఈయన మొహం కోసమే వెతుకుతుంది.

మేం చూసే ఇంట్లో రెండు పార్టీలున్నాయి. ఒకరిది కోచ్‌ను తిట్టే పార్టీ, ఇంకొకరిది ఆటగాళ్లను తిట్టే పార్టీ. 2025 సెప్టెంబర్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట రోజు ఇద్దరికీ చేతినిండా పని దొరికింది.

"అన్నా, ఈయనకి జోన్ తప్ప ఇంకోటి రాదా?" అన్నాడు ఒకడు. జోన్ అంటే మనిషిని కాక చోటును కాసే పద్ధతి.

"జోన్ ఏం చేసిందిరా! పట్టుకోవాల్సినోడు పట్టుకోకపోతే ఎవడేం చేస్తాడు?" అన్నాడు అన్న.

డాలస్ ఆటగాడు ట్రెవాన్ డిగ్స్ జెర్సీ వేసుకుని కూర్చున్న వదిన మాత్రం తెర మీంచి కళ్లు తిప్పకుండానే అంది: "అసలక్కడ ఎవరూ లేరు కదండీ. పట్టుకోడానికి ముందు మనిషుండాలిగా."

ఆ రోజు జెయింట్స్ తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ 450 గజాలు విసిరాడు. డాలస్ ఓవర్‌టైమ్‌లో 40-37తో ఎలాగో బయటపడింది. రెండు వారాలు తిరగకముందే ఆ విల్సన్‌నే జెయింట్స్ బెంచీ మీద కూర్చోబెట్టారు. మన డిఫెన్స్ మీద అన్ని గజాలు విసిరినవాడు సొంత జట్టుకే పనికిరాకపోయాడు.

వదిన అన్న మాటలోనే డిఫెన్స్ చూసే విద్య అంతా ఉంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. బంతి గాల్లోకి లేచేసరికి వెనకెక్కడో ఆఖరి కాపలాగా ఉన్న సేఫ్టీలు తెరకు బయటే ఉంటారు. బంతి దిగినచోట ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చే ఆఖరి మనిషి మనకు కనిపిస్తాడు. వాడే దోషి అని మనం తీర్పు చెప్పేస్తాం. చాలాసార్లు వాడు తన పని వదిలేసి ఇంకొకడి తప్పు సరిదిద్దడానికి వచ్చినవాడు. ఇరవై రెండు మందీ ఒకే చట్రంలో కనిపించేలా పైనుంచి తీసిన ఫిల్మ్ ఒకటుంటుంది, ఆల్-22 అంటారు. కోచ్‌లు చూసేది దాన్నే. చందా కడితే మనమూ చూడొచ్చు. ఆదివారం టీవీలో చూసి దుమ్మెత్తిపోసిన ఆటగాడికి బుధవారం ఆల్-22 చూశాక మనసులోనే క్షమాపణ చెప్పుకున్న సందర్భాలు అభిమానులందరికీ ఉంటాయి.

అక్కడ చూడాల్సింది ఒకటే: బంతి వెళ్లినచోట మన మనిషి ఉన్నాడా, లేడా? ఉండి పట్టు జారితే తప్పు ఆటగాడిది. అసలు లేకపోతే నేర్పినవాడి మీదా, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఆటగాళ్ల మీదా అనుమానపడాలి. మనిషున్నాడు, చోటూ సరైనదే, పట్టూ సరిగ్గానే పట్టాడు, కానీ ఎదుటివాడి బలం ముందు నిలవలేకపోయాడంటే, వాణ్ని జట్టులోకి తెచ్చినవాళ్లను అడగాలి. మా ఇంట్లో వాదన మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. మూడోదాని దాకా పోయేది వదిన ఒక్కతే.

2020 అక్టోబర్ 4న క్లీవ్‌లాండ్‌తో జరిగిన ఆట ఈ కొలతకు బాగా అతుకుతుంది. ఆ రోజు డాలస్ మీద ఎదుటివాళ్లు 307 గజాలు పరుగెత్తారు. క్లబ్బు చరిత్రలో అప్పటికి అదే ఎక్కువ. పరుగును ఆపేటప్పుడు ముందు వరసలో ప్రతివాడికీ ఒక సందు అప్పగిస్తారు. ఎదుటి వరసలో ఇద్దరు భారీ మనుషుల మధ్య ఖాళీయే ఆ సందు. బంతి పక్క సందులోకి పోతున్నట్టు కనిపించినా సరే, నీ సందు నువ్వు వదలకూడదు. హీరో అవుదామని ఒకడు పక్కకు దూకాడా, వాడు వదిలిన సందులోంచే బంతి బయటికి పోతుంది. ఆ రోజు అదే పదేపదే జరిగింది. 41-14 నుంచి డాలస్ అటాక్ కూడగట్టుకుని 41-38 దాకా లాక్కొచ్చింది. అప్పుడు క్లీవ్‌లాండ్ ఆటగాడు ఒడెల్ బెకమ్ వెనక్కి పరుగెత్తాడు, చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయాడు, 50 గజాలు వెళ్లి టచ్‌డౌన్ చేశాడు. ఆట 49-38తో పోయింది.

అప్పటి కోఆర్డినేటర్ నోలన్‌ను అందరూ ఏకిపారేశారు. ఆయన కొత్త పద్ధతి తెచ్చిన మాట నిజమే. కానీ ఆ వేసవి కరోనా వేసవి. ఆటగాళ్లకు పాఠాలు వీడియో కాల్స్‌లో చెప్పాల్సి వచ్చింది. ప్రీ-సీజన్ ఆటలు ఒక్కటీ జరగలేదు. సందు కాపలా వీడియో కాల్‌లో ఎక్కే విద్య కాదు. మూడొందల పౌండ్ల మనిషి మీదికొచ్చి పడుతుంటే కాళ్లకు తెలియాలి. పాపం, నోలన్ అదృష్టం ఎలాంటిదంటే, విలేకరులతో మాట్లాడుతూ టబాస్కో సాస్ అంటిన వేలితో కన్ను నలుపుకుని, సమావేశం మధ్యలోనే లేచి వెళ్లాల్సి వచ్చింది. ఆ సీజన్‌లో 473 పాయింట్లు పోయాయి. అప్పటికి క్లబ్బు రికార్డు అదే. ఆయన ఉద్యోగమూ పోయింది.

ఇక రెండో రకం తప్పు, అంటే అసలక్కడ మనిషే లేకపోవడం. దీనికి 2024 జనవరి 14ను మించిన ఉదాహరణ లేదు. సొంత మైదానంలో వరసగా పదహారు ఆటలు గెలిచిన జట్టు డాలస్, రెండో సీడ్, అంటే ప్లేఆఫ్ వరసలో రెండో ర్యాంకు. ఎదుట గ్రీన్ బే, ఏడో సీడ్. ఏడో సీడ్ ప్లేఆఫ్ ఆట గెలవడం అంతవరకూ ఎన్నడూ లేదు. ఆర్లింగ్టన్ స్టేడియంలో గ్రీన్ బే 48-32తో గెలిచి వెళ్లింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ 21 బంతులు విసిరితే 16 చేరాయి. ఆయన విసిరిన ఒక టచ్‌డౌన్ బంతి అందుకున్న మస్‌గ్రేవ్ చుట్టూ మన వాళ్లు ఒక్కరూ లేరు. పొలం గట్టు మీద నడిచినంత తీరిగ్గా వెళ్లాడు. అక్కడ పట్టు జారడమన్న ప్రశ్నే లేదు. ఒకడు తన మనిషిని ఇంకొకడు తీసుకుంటాడనుకున్నాడు, ఆ ఇంకొకడు వేరేవైపు చూస్తున్నాడు.

కబడ్డీ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కార్నర్ రెయిడర్ మడమ దొరకబుచ్చుకుంటాడు. ఆ క్షణంలోనే పక్కనున్న కవర్ వచ్చి మీద పడాలి. అరక్షణం ఆలస్యమైతే రెయిడర్ గీత అందుకుంటాడు. గ్యాలరీ తిట్టేది మాత్రం మడమ పట్టుకున్న కార్నర్‌నే. వచ్చి పడాల్సిన కవర్ ఎవరికీ గుర్తుండడు. తెలుగు టైటాన్స్ అభిమానులకు ఈ బాధ నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఓటమి తర్వాత క్విన్ వెళ్లిపోతే బాగుండునని మా ఇంట్లో ఏకగ్రీవ తీర్మానమైంది. ఆయన వెళ్లాడు కూడా, వాషింగ్టన్‌కు హెడ్ కోచ్‌గా. మొదటి ఏడాదే 12 ఆటలు గెలిపించి కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. మన డివిజన్‌లోనే! ఆ తీర్మానం గురించి మా వాళ్లెవరూ ఇప్పుడు ఎత్తరు.

కోచ్‌ను మారిస్తే బాగుపడదా అని అడిగితే, పడింది. కోచ్‌ను తిట్టే పార్టీ చేతిలో ఉన్న తురుపు ముక్క అదే. నోలన్ పోయి క్విన్ వచ్చిన 2021లో అదే డిఫెన్స్ 34 సార్లు ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి లాక్కుంది, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. డిగ్స్ ఒక్కడే 11 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. అయితే క్విన్ వచ్చిన ఏడాదే డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, పన్నెండో పిక్‌గా మైకా పార్సన్స్ అనే కుర్రాడూ వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ మీదికి పార్సన్స్ దూసుకొస్తుంటే బంతి రెండున్నర సెకన్లలో చేతిలోంచి పోవాలి. అంత తొందరలో విసిరిన బంతులు దారి తప్పుతాయి, వెనక ఉన్న డిగ్స్‌కు పంట పండుతుంది. మరుసటి ఏడాది డిగ్స్ పట్టినవి మూడే. 2021 గొప్పతనంలో క్విన్ బోధన ఎంత, పార్సన్స్ కాళ్లెంత అని నన్నడిగితే పార్సన్స్ వైపే మొగ్గుతాను. క్విన్‌ను తక్కువ చేయడం కాదు. ఆ కుర్రాణ్ని ఒకచోట కట్టేయకుండా మైదానమంతా తిప్పి వాడుకున్న తెలివి ఆయనదే.

ఇప్పుడు ఎబర్‌ఫ్లస్ సంగతి చూడండి. 2025 ఆగస్టు 28న, మొదటి ఆటకు సరిగ్గా వారం ముందు, ఆ పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితోనే పడగొట్టే శాక్‌లు నాలుగు సీజన్లలో 52.5 చేసినవాణ్ని! బదులుగా రెండు మొదటి రౌండు పిక్‌లు, కెన్నీ క్లార్క్ అనే లైన్‌మన్ వచ్చారు. వేసవంతా పార్సన్స్ ఉంటాడనుకుని రాసుకున్న పథకం ఏమైనట్టు? పైగా ఎబర్‌ఫ్లస్ జోన్ పద్ధతి మనిషి. ఆయన చేతికి వచ్చిన కార్నర్లు డిగ్స్, డరాన్ బ్లాండ్ ఇద్దరూ మనిషికి మనిషి కాపలా కాసి పేరు తెచ్చుకున్నవాళ్లు. 2023లో బ్లాండ్ అయిదు ఇంటర్‌సెప్షన్లను నేరుగా టచ్‌డౌన్‌లుగా మార్చి లీగ్ రికార్డు సృష్టించాడు. జోన్‌లో కాయాల్సింది మనిషిని కాదు, నీకు కేటాయించిన చోటును. నీ చోటు దాటిపోయేవాణ్ని పక్కవాడికి అప్పగించాలి, అదీ నోటితో అరిచి చెప్పి. ఆ అరుపు అలవాటు కావడానికి సమయం కావాలి. ముందు నుంచి ఒత్తిడి లేకపోతే క్వార్టర్‌బ్యాక్ తీరిగ్గా నిలబడి, ఏ ఇద్దరి మధ్య అరుపు వినిపించలేదో వెతుక్కుని మరీ విసురుతాడు.

దీనర్థం ఎబర్‌ఫ్లస్ ఏ పాపం ఎరగడని కాదు. చేతిలో ఉన్న మనుషులకు తగ్గట్టు పద్ధతి మార్చుకోకపోవడం ఆయన తప్పే. కానీ ఆ మనుషులను ఎంచుకున్నది ఆయన కాదు. నవంబర్‌లో 2027 మొదటి రౌండు పిక్ ఒకటి, ఇంకా కొన్నీ ఇచ్చి, న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చారు. ఆ బేరంలో వదిలేసుకున్నవాళ్లలో మేజీ స్మిత్ కూడా ఉన్నాడు, 2023లో మొదటి రౌండులో తెచ్చుకున్నవాడు. మూడేళ్లు నిండకముందే! స్మిత్‌ను తెచ్చింది ఎబర్‌ఫ్లస్ కాదు, జిమ్మర్ కాదు. పార్సన్స్‌ను పంపించింది వాళ్లిద్దరూ కాదు. కౌబాయ్స్‌లో ఆటగాళ్ల మీద ఆఖరి మాట జెర్రీ జోన్స్‌ది. 1989లో జట్టును కొన్నారు, అప్పటి నుంచి జనరల్ మేనేజరూ ఆయనే. మొదటి ఏడేళ్లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిపించిన ఘనత ఆయనకే దక్కాలి. ఆఖరిది 1996 జనవరిలో. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఎన్ని సీజన్లు ఓడినా యజమానిగా ఉన్న మేనేజర్‌ను తీసేసేవాళ్లెవరూ ఉండరు. ఎవరినో ఒకరిని తీసేయాలి కాబట్టి కోఆర్డినేటర్‌ను తీసేస్తారు. మనమూ చప్పట్లు కొడతాం, ఏదో జరిగినట్టు ఉంటుంది కదా.

పార్కర్ ఫిలడెల్ఫియా నుంచి వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన ఆ జట్టులో వెనక వరస ఆటగాళ్లకు నేర్పినవాడు. ఒక డిఫెన్స్ మొత్తాన్ని నడపడం ఆయనకిదే మొదలు. మళ్లీ కొత్త పిలుపులు, కొత్త సంజ్ఞలు, మళ్లీ ఎవరి చోటు ఎవరిదో మొదటినుంచి నేర్చుకోవడం. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఖాళీ చోట్లు కనిపిస్తాయి. అప్పుడే కోచ్‌ను తిట్టే పార్టీ గొంతు లేస్తుంది. నాదొక్కటే మనవి: నవంబర్ దాకా ఆగండి. అప్పటికీ బంతి వెళ్లినచోట మనిషి కనిపించకపోతే పార్కర్‌ను నిలదీద్దాం, ముందు వరసలో నేనే ఉంటాను. మనిషి ఉండి కూడా నిలవలేకపోతుంటే మాత్రం ఆ ప్రశ్న జెర్రీ జోన్స్‌నే అడగాలి.

మూడు సీజన్లు గడవకముందే పార్కర్‌ను కూడా పంపించేస్తే, ఆరో పేరు నేర్చుకునే ఓపిక నాకు లేదు.