ట్యాంకు మూత నుంచి జెట్ దాకా: పాత బోటు మోటారుకు చేసే వైద్యం

పాత టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారు మొరాయించినప్పుడు ముందు ప్లగ్గు తీసి స్పార్క్ చూడాలి. నిప్పు బాగుంటే ఇక వెతకాల్సింది పెట్రోలు దారి. అది ట్యాంకులో మొదలై గొట్టం, చేతిబల్బు, ఫిల్టరు, పంపు మీదుగా కార్బురేటరుకు చేరుతుంది. నిజమైన మేస్త్రీ ఈ వరస తప్పడు. వచ్చీరాగానే స్క్రూడ్రైవరుతో కార్బురేటరు మీద పడేవాడికి ఆ పని రాదని అక్కడే తెలిసిపోతుంది.

ఈ మోటారును జనంలోకి తెచ్చినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్. 1909లో అమ్మకాలు మొదలయ్యాయి. ఎండలో తెడ్డేసుకుంటూ తెచ్చిన ఐస్‌క్రీమ్ దారిలోనే కరిగిపోవడంతో ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. మరమ్మతు విద్య గొప్పతనం తెలియాలంటే మాత్రం కార్ల్ కీక్‌హేఫర్ పేరు తలవాలి. ఆయన 1939లో కొన్న ఫ్యాక్టరీలో, సరిగా పనిచేయక వెనక్కి వచ్చిన మోటార్లు వందల సంఖ్యలో పడి ఉన్నాయి. వాటిని తుక్కు కింద వేయకుండా బాగుచేయించాడు. వెనక్కి పంపినవాళ్లే వాటిని మళ్లీ తీసుకుని, ఇంకా కావాలన్నారు. మెర్క్యురీ మోటార్ల వంశం అలా మొదలైంది.

ట్యాంకు దగ్గర మొదట చూడాల్సింది మూత. దాని మీది గాలి రంధ్రం మూసుకుపోతే మోటారు కొద్దిసేపు నడిచి నీరసించి ఆగుతుంది. 1950ల నాటి జంట గొట్టాల ట్యాంకులున్న మోటార్లకు మాత్రం పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. వాటికి పెట్రోలు పంపు ఉండదు. ఇంజిను నుంచి వచ్చే గాలి ఒత్తిడే ట్యాంకులోని పెట్రోలును తోస్తుంది. అక్కడ మూత కొంచెం గాలి వదిలినా మోటారు ఆగినట్టే. ఈ తేడా తెలియక మంచి మోటార్లను విప్పి పాడుచేసినవాళ్లు ఉన్నారు.

ట్యాంకు తర్వాత బల్బు. దాని మీది బాణం గుర్తు ఇంజిను వైపు ఉండాలి. నాలుగైదుసార్లు నొక్కగానే గట్టిపడి అలాగే నిలిస్తే దారి బాగున్నట్టు. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బు వాల్వు పోయింది, లేదా కార్బురేటరు ఓవర్‌ఫ్లో అవుతోంది. నడుస్తుండగా బల్బు లోపలికి పీక్కుపోతే అడ్డు ట్యాంకు వైపు ఉంది. ఆగిపోబోయే మోటారు బల్బు నొక్కగానే తేరుకుంటే అనుమానం పంపులోని పల్చని పొర, అంటే డయాఫ్రం, మీదికి వెళ్లాలి. డయాఫ్రానికి సూదిమొన అంత చిల్లు పడినా పెట్రోలు నేరుగా ఇంజినులోకి దిగి ప్లగ్గును తడిపేస్తుంది. చెయ్యి బల్బు మీద, చెవి ఇంజిను మీద ఉంచి, ఒక్క బోల్టు విప్పకుండా తప్పు ఎక్కడుందో చెప్పగల మేస్త్రీ పనితనం ముందు ఏ యంత్రమూ నిలవదు.

తర్వాత చోక్. కొద్దిగా లాగగానే మోటారు పుంజుకుంటే దానికి పెట్రోలు చాలడం లేదు, బహుశా కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో, అంటే జెట్‌లో, చెత్త ఉంది. లాగగానే ఆగితే ముందే ఎక్కువ తాగుతోంది. టూ-స్ట్రోక్‌లో చాలకపోవడమే ప్రాణాంతకం, ఎందుకంటే పెట్రోలుతో పాటే ఆయిలు వెళ్లాలి. 50:1 పాళ్లలో 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిలు పడుతుంది. జెట్ సగం మూసుకుపోతే పిస్టనుకు అందే ఆయిలూ తగ్గుతుంది. మోటారు వేడెక్కి పట్టేస్తుంది.

ఇక్కడిదాకా వచ్చాకే కార్బురేటరు విప్పాలి. దాని ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, ఆ లాగుడుకే జెట్ నుంచి పెట్రోలు పైకి లేస్తుంది. అడుగు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి ఒంపితే, నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు బంకలా మారి జెట్‌ను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలోని బెండు ఫ్లోట్లకు పూసిన లక్క కూడా దానివల్ల కరుగుతుంది. పూత పోయిన బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది, పెట్రోలును ఆపే నీడిల్ మూసుకోదు, కార్బురేటరు మూతి నుంచి పెట్రోలు కారుతుంది. జెట్‌లో ఇనుప తీగ పెట్టడం క్షమించరాని పని. ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ మళ్లీ కొలతకు రాదు. క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి, వెలుగుకెదురుగా పట్టి చూడాలి. రంధ్రం గుండ్రంగా మెరవాలి.

ఇంత ఓపిక ఎవరికుందంటూ నకిలీ కార్బురేటర్లు అంటగట్టే వ్యాపారం ఒకటి బయలుదేరింది. డబ్బా మీద అసలు పేరు అచ్చు గుద్ది ఉంటుంది. లోపల జెట్ రంధ్రం వంకర, నీడిల్ కూర్చోదు, గ్యాస్కెట్ చిల్లులు ఒకదానికొకటి కలవవు. ఒడ్డున బాగానే నడిచిన మోటారు అలల మధ్య పట్టేస్తే ఆ పడవలోని ప్రాణాలకు జవాబు చెప్పేదెవరు? ఇది మోసం, మరో పేరు లేదు. 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీయే ఆగిపోయింది కాబట్టి ఉన్న పాతవాటిని సరిగా కాపాడుకోవాలి. ఇప్పటి ఫోర్‌స్ట్రోక్ మోటార్లకు పొగ తక్కువే, కాదనలేం. కానీ నడిసముద్రంలో ఒక స్పానరుతో బాగుచేసుకోగల తేలిక పాత టూ-స్ట్రోక్‌కే ఉంది.

బిగించాక చివరి పని ట్యూనింగ్. మోటారు నీళ్లలో ఉండగానే చేయాలి, లేకపోతే నీటిపంపు ఇంపెల్లరు కాలిపోతుంది. తక్కువ వేగంలో పెట్రోలును సరిచేసే స్లో స్క్రూను మెత్తగా ఆనేవరకు తిప్పి, చాలా మోటార్లకు ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టాలి. గట్టిగా బిగిస్తే సూది మొనకు గాడి పడుతుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా బిగిస్తూ, ఇంజిను తడబడగానే సాఫీగా తిరిగేదాకా వెనక్కి వచ్చి, ఇంకొక్క రవ్వ పెట్రోలు ఎక్కువ వైపే వదలాలి. ఆ రవ్వ ఎంతో పుస్తకం చెప్పదు, చెవి చెబుతుంది.

పాత మోటార్లున్నవాళ్లకు ఒక్క విన్నపం. అసలు కార్బురేటర్ బాడీ పగలనంతవరకూ దాన్ని తుక్కువాడికి వేయకండి. కడిగి, ఆయిలు రాసి, గుడ్డలో చుట్టి దాచండి. అలాంటి పోత ఇప్పుడు ఎవరూ పోయడం లేదు.