నీళ్ల బరువు మీద నడిచే బండి

జర్మనీలోని వీస్‌బాడెన్ నగరం అంచున నేరోబెర్గ్ అనే కొండ ఉంది. ద్రాక్షతోటలు, 1934లో కట్టిన ఈతకొలను, బంగారు గుమ్మటాల రష్యన్ చర్చి ఉన్న విహారస్థలం. సముద్రమట్టం నుంచి ఎత్తు 245 మీటర్లే, ఓపికుంటే నడిచే ఎక్కొచ్చు. అయినా జనం 1888 నుంచి తిరుగుతున్న పసుపు రంగు బండి కోసమే ఆగుతారు. ఆ బండిలో ఇంజను లేదు. దాన్ని లాగే మోటారు పై స్టేషన్లోనూ లేదు.

ఉన్నవి రెండు పెట్టెలు, వాటిని కలిపే ఒక ఉక్కుతాడు. తాడు కొండపైన కప్పీ మీదుగా తిరుగుతుంది. బావి గిలకకు చెరోవైపు వేలాడే చేదల్లా ఒకటి దిగితే రెండోది ఎక్కుతుంది. పై పెట్టె అడుగున తొట్టి ఉంటుంది, నిండా పడితే 7,000 లీటర్లు, అంటే ఏడు టన్నులు. ప్రతిసారీ అన్ని నీళ్లు అక్కర్లేదు. కింద ఎంతమంది ఎక్కారో పైకి కబురు అందుతుంది, ఆ లెక్కనే నీళ్లు పడతారు. కింద దిగాక తొట్టి ఖాళీ చేస్తారు. ఊరికే నడిచే బండి అని మురిసిపోకండి. ఆ నీటిని మళ్లీ పైకి తోడాలి. ఆ పని ఒకప్పుడు ఆవిరిది, 1916 నుంచి కరెంటుది.

నన్ను కట్టిపడేసింది మాత్రం బ్రేకు. పట్టాల నడుమ పళ్ల పట్టా ఉంది, స్విస్ ఇంజనీరు రిగ్గెన్‌బాక్ పద్ధతి. (నీలగిరి రైలు ఆలోచన మీద 1882లో ఈయన మన దేశానికీ వచ్చాడు. చివరికి అక్కడ వేసింది వేరే పద్ధతి, అది వేరే కథ.) స్విట్జర్లాండులో ఆయన వేసిన రిగి కొండ రైలు ఈ పళ్లను పట్టుకుని పైకి ఎగబాకుతుంది. నేరోబెర్గ్‌లో ఆ పళ్లలో తిరిగే పెట్టె అడుగు చక్రం పని బండిని నిలవరించడమే. పెట్టె దిగేకొద్దీ తాడు దానివైపే పొడవవుతుంది, బరువూ అటే మొగ్గుతుంది. 438 మీటర్ల దారి, కొన్నిచోట్ల నూటికి 26 వాలు. వదిలేస్తే బండి దూసుకుపోతుంది. దాన్ని గంటకు ఏడు కిలోమీటర్ల దగ్గర పట్టి ఉంచేది బ్రేకు మనిషి చేతి నేర్పే. ఇక్కడ డ్రైవరు బండిని నడపడు, అదుపులో ఉంచుతాడు. నా లెక్కలో నడపడం కంటే అదే గొప్ప పని.

నీళ్లు గడ్డకట్టే చలికాలంలో బండి ఉండదు. వేసవిలో వెళ్లండి, దిగేటప్పుడు బ్రేకు మనిషికి దగ్గరగా నిలబడండి.