మన యాసకు దక్కిన పెద్దపీట

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ పీల్చి పెరిగిన మాకు నాటకమంటే పరిషత్తు పోటీల నాటికే. గంటలో తేలిపోవాలి. పాటిబండ్ల ఆనందరావుగారి ‘పడమటి గాలి’ మాత్రం పూర్తి నిడివి నాటకం. రాసిందీ, ఆడించిందీ ఆయనే. ప్రపంచీకరణ మన పల్లెల్ని ఎట్లా కుదిపిందో ప్రకాశం జిల్లా యాసలోనే వినిపించారు. నవ్వించే పాత్రలకే యాస తగిలించే అలవాటు మన రంగస్థలానిది. ఆయన దాన్ని రైతు నోట, కన్నీళ్ల వేళ పలికించారు. ఎంత గొప్ప పని!

మొన్న మా ఊళ్లో ఓ కుర్రాడు రైతు వేషం రిహార్సల్లో పత్తి ధర డైలాగు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. “ఆగరా అబ్బాయ్, ముందు కండువా దులుపు” అన్నాడు నేర్పిస్తున్న పెద్దాయన. దులిపాడు. భుజాన వేసుకున్నాడు. అప్పుడు నోరు తెరిచాడు. మా నాన్నే మాట్లాడినట్టుంది.