పిల్లగాడు బాగున్నప్పుడే

తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించడానికి తండాల నుంచి, పల్లెల నుంచి ఖమ్మం వచ్చే అమ్మానాన్నలతో మాట్లాడుతుంటాను. బోన్ మారో (మూలుగ) మార్పిడి మాట ఎత్తితే చాలామంది అనేది ఒకటే: “పిల్లగాడు బాగానే ఉన్నాడుగా సార్, మిర్చి కోతలు అయ్యాక చూద్దాం.” నాకు భయం వేసేది అక్కడే. పిల్లగాడు బాగున్న రోజులే ఆ చికిత్సకు అనువైన రోజులు.

ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళుతుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు. మందులు సరిగ్గా వాడకపోతే కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. తలసేమియాకు తొలి మార్పిడి 1981లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. తర్వాత ఇటలీలోని పెసారోలో గీదో లుకారెల్లీ బృందం వందలమందికి చేసి, ముందు మూడు సంగతులు చూడమంది: కాలేయం పెరిగిందా, అది గట్టిపడిందా, ఇనుము తగ్గించే మందు క్రమంగా వాడారా? మూడూ చెడితే ముప్పు ఎక్కువ. ఇందులో వయసు ప్రస్తావన లేదు గానీ, మూడింటినీ చెడగొట్టేది ఆలస్యమే.

తోబుట్టువుతో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. “చెల్లికి మైనర్ ఉందన్నారు, పనికిరాదుగా” అంటారు. మైనర్ ఉన్నా, అంటే జబ్బు లేకుండా దాని లక్షణం మాత్రమే మోస్తున్నా, మూలుగ ఇవ్వొచ్చు. ఇది తెలియక, మ్యాచ్ తేల్చే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష దాకా వెళ్లని ఇళ్లున్నాయి. డబ్బుకైతే, కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన పథకం అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల దాకా ఇస్తుంది.

భద్రాచలం దాటి కోయగూడేల్లోకి వెళితే లెక్క మారుతుంది. అక్కడి బాధ సికిల్ సెల్ అనే మరో రక్తపు జబ్బు. హైడ్రాక్సీయూరియా మందుతో నొప్పులు తగ్గి బడికి పోతున్న పిల్లను తొందరపడి మార్పిడికి తీసుకెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. మందు వాడుతున్నా పదేపదే ఆస్పత్రిపాలవుతుంటే, పక్షవాతం వచ్చి ఉంటే, అప్పుడు మాట వేరు.

ఏ జబ్బుకు చేసినా, మార్పిడిలో ప్రాణం పోవచ్చు. కొత్త మూలుగ నిలవకపోవచ్చు, నిలిచి ఒంటి మీదే తిరగబడొచ్చు. ముందిచ్చే కీమో వల్ల పెద్దయ్యాక సంతానం కలగకపోవచ్చు. ఈ మాట ఆడపిల్ల తల్లికి సంతకానికి ముందే, కూర్చోబెట్టి చెప్పాలి. నెలల తరబడి ఆస్పత్రి దగ్గరే ఉండాలి. ఇవన్నీ విని, మ్యాచ్ అయిన అన్న ఇంట్లోనే ఉన్నా, “వద్దు, మందులతోనే పెంచుకుంటాం” అన్న తండ్రి ఒకాయన నాకు తెలుసు. ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్ రిపోర్టులన్నీ ముందు పెట్టుకుని, భార్యతో కలిసి డాక్టరును అడగాల్సినవన్నీ అడిగాకే ఆ మాటన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను.