కదలాలి, కదలకూడదు

స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ చేయడానికి మామూలు వంటగదిలో 281 అడుగులు నడవాల్సి వస్తే, లిలియన్ గిల్‌బ్రెత్ అమర్చిన వంటగదిలో 45 సరిపోయాయి. 1929లో బ్రూక్లిన్ బరో గ్యాస్ కంపెనీ కోసం ఆమె రూపొందించిన ఆ వంటగది పేరు ‘కిచెన్ ప్రాక్టికల్’. పొయ్యి, దాన్ని ఆనుకుని పని చేసుకునే గట్టు, చేతికందే ఎత్తులో పైన దినుసులు, కింద గిన్నెలు, ఒకటి రెండు అడుగుల్లో సింకు, ఫ్రిజ్. ఇవన్నీ గోడకు అంటిపెట్టుకున్నవే. వీటి మధ్య ఒక్కటి మాత్రం విడిగా తిరుగుతూ ఉండేది. అది చక్రాల మీద నడిచే చిన్న బల్ల. ఈరోజు దుకాణాల్లో కిచెన్ ట్రాలీ అనీ, ఐలాండ్ కార్ట్ అనీ అమ్మే వస్తువుకు ఉన్న మంచి పూర్వీకుల్లో అదొకటి.

గిల్‌బ్రెత్ వంటల మనిషి కాదు. ఇంజనీరు, సైకాలజిస్టు. ఇంట్లో వంట ఆమె చేతి మీద నడిచింది కూడా తక్కువే. భర్త ఫ్రాంక్‌తో కలిసి ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ కదలికలను ఫిల్మ్ మీద తీసి, ఏది అవసరమో ఏది దండగో విడగొట్టి చూసేది. 1924లో ఆయన పోయాక, ఆడ ఇంజనీరును ఫ్యాక్టరీల్లోకి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లల బాధ్యతంతా ఆమె మీద పడింది. తనకు తెలిసిన విద్యనే వంటింటికి మళ్ళించింది.

ఫ్రాంక్ మొదట్లో తాపీ పనివాడు. ఒక ఇటుక పేర్చడానికి పట్టే 18 కదలికలను నాలుగైదుకు దించిన పేరు ఆయనది. ఆ తగ్గింపులో పెద్ద వాటా ఆయన తయారు చేసిన పరంజాది. గోడ లేచేకొద్దీ దాన్ని పైకి జరుపుకోవచ్చు. ఇటుకలూ మాలూ ఎప్పుడూ నడుము ఎత్తులోనే ఉంటాయి కాబట్టి మేస్త్రీ వాటికోసం వంగక్కర్లేదు. చక్రాల బల్లను చూసినప్పుడల్లా నాకు ఆ పరంజాయే గుర్తొస్తుంది. సరుకు దగ్గరికి మనిషి పోవడం మానేసి, మనిషి దగ్గరికే సరుకు రావడం రెండింట్లోనూ ఉంది. కిచెన్ ప్రాక్టికల్‌కు మూడేళ్ళ ముందు, 1926లో, మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది కూడా అడుగులు ఆదా చేయడానికి పుట్టినదే. అయితే అందులో బల్లలూ అరలూ గోడల్లోనే బిగిసి ఉంటాయి. బల్లనే నడిపించిన గిల్‌బ్రెత్ ఆలోచన నాకు ఒక మెట్టు పైన కనబడుతుంది.

ఇంత చిన్న వస్తువును చేయడంలో చిక్కు ఏమిటంటే, రెండు ఎదురు కోరికలు ఒకేసారి తీర్చాలి. తోసినప్పుడు మునివేళ్ళతో తోసినంత తేలిగ్గా రావాలి. గుమ్మడికాయ మీద కత్తి దించి బలం వేసినప్పుడు ఇసుమంతైనా జరగకూడదు. పైపలక ఎంత నునుపుగా ఉందన్నది తర్వాతి మాట. పనితనం తెలియాలంటే ముందు వంగి చక్రాలు చూడాలి.

చక్రం ఇరుసూ, అది చుట్టూ తిరగడానికి పెట్టిన నిలువు కీలూ ఒకే గీత మీద ఉండవు. ఇరుసు కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. ఆ కొంచెం ఎడం వల్లే, ఎటు తోస్తే అటు చక్రం తనంతట తానే మళ్ళుతుంది. నాలుగు చక్రాలూ ఇలాంటివైతే ఇరుకు వంటగదిలో బల్లను పక్కకు కూడా జరపవచ్చు. అయితే అదే ఎడం ఇంకో పని కూడా చేస్తుంది. చక్రాలు లోపలి వైపు మళ్ళి ఆగినప్పుడు, నేలను తాకే చోటు బల్ల మూల కింద నుంచి లోపలికి జరుగుతుంది. అప్పుడు అంచు మీద బరువు మోపితే బల్ల ఒరగడానికి చూస్తుంది. మంచి తయారీదారుకు ఇది తెలుసు. చక్రాలను వీలైనంత మూలలకు నెడతాడు, పైపలకను చట్రం దాటి మరీ బయటికి పోనివ్వడు. మడత పలకను లేపి పని చేసుకునే రకంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి, ఎందుకంటే బరువు పడేదే చక్రాల అవతల.

బ్రేకుల్లోనూ తేడా ఉంది. కొన్ని చక్రం దొర్లడాన్ని మాత్రమే ఆపుతాయి. కీలు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఉల్లిపాయలు తరుగుతున్నంతసేపూ బల్ల అటూ ఇటూ ఊగులాడుతుంది. దొర్లడాన్నీ కీలునూ కలిపి బిగించే బ్రేకులు వేరే ఉన్నాయి. దుకాణంలోనే బ్రేకు నొక్కి, మూల పట్టుకుని పక్కకు నెట్టి చూస్తే ఏది ఏదో క్షణంలో తెలిసిపోతుంది. అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

చక్రం ఎంత పెద్దదైతే గడప పట్టీనీ టైల్స్ సందులనూ అంత సులువుగా దాటుతుంది. అంగుళమున్నర చక్రాలు గడప దగ్గర టక్కున ఆగితే, పైనున్న సాంబారు గిన్నె ఆగదు. గట్టి నైలాన్ చక్రం తేలిగ్గా దొర్లుతుంది గానీ చప్పుడు ఎక్కువ. రబ్బరు, పాలీయురెథేన్ తొడుగులున్నవి నేలను పట్టుకుంటాయి, గీతలు పెట్టవు. రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్ళలో ఇరుసు తుప్పు పట్టని లోహంతో చేసి ఉండాలి.

పైగా నీళ్ళు జాలాలని మన వంటగది నేలకు వాటం ఇస్తారు. నేల చదునుగా లేని చోట నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో తేలుతూనే ఉంటుంది. అలాంటి నేల మీద బల్ల జారిపోకుండా ఒక పాత ఉపాయం ఉంది. రెండు వైపులా చక్రాలు పెట్టకుండా, ఒక వైపు రెండు చక్రాలు, రెండో వైపు మామూలు కాళ్ళు పెడతారు. కాళ్ళ వైపు కాస్త ఎత్తి నడిపించుకోవాలి, దించగానే కాళ్ళు నేలను పట్టుకుంటాయి. బ్రేకుతో పనే లేదు. అందంలో ఒక మార్కు తక్కువైనా నా ఓటు దీనికే.

చట్రం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నిలకడగా ఉండే బల్లకు బరువు పైనుంచి కిందికే పడుతుంది. దీన్ని మాత్రం రోజూ పక్కనుంచి తోస్తుంటారు, ప్రతి తోపూ అతుకులను సడలించాలని చూస్తుంది. ఒక కర్ర చివర సన్నగా చెక్కి, రెండో కర్రలో తొలిచిన గుంటలో దించి బిగించిన అతుకు దీన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. నొక్కుడు చెక్కలో దిగిన స్క్రూలు అంత ఓర్చుకోవు. కింది అర గట్టి పలకైతే కాళ్ళను కలిపి పట్టుకుంటుంది. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు అక్కడే పెడితే బరువు కిందికి దిగి బల్ల మరింత కుదురుగా నిలుస్తుంది.

పైపలకలో అన్నిటికన్నా గొప్పది చెక్క ముక్కలను నిలువుగా పేర్చి అతికించినది. నారలు పైకి నిలబడి ఉంటాయి కాబట్టి కత్తి వాటిని కోయదు, వాటి మధ్యలోకి దిగుతుంది. పలకా త్వరగా పాడవదు, కత్తి పదునూ త్వరగా పోదు. అమెరికాలో దీనికి మేపుల్ వాడతారు. మన మాంసం కొట్లలో చింతమొద్దు చేసే పని ఇదే. చెట్టును అడ్డంగా కోసి నిలబెట్టిన మొద్దు కాబట్టే అన్ని కత్తివేట్లు తిని కూడా చీలిపోదు. అయితే చెక్క తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. విశాఖ గాలిలో ఒకలా, హైదరాబాద్ ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు పలకను చట్రానికి కదలకుండా బిగించరు. స్క్రూ రంధ్రాన్ని కోలగా తొలిచి, పలక జరగడానికి కాస్త చోటు వదులుతారు. పైనుంచి చూస్తే ఎవరికీ కనబడని పని ఇది. ఇది చేయని బల్ల రెండు వేసవుల్లో మధ్యకు చీలవచ్చు.

ఎత్తు విషయంలో గిల్‌బ్రెత్ మాట ఇంకా చెల్లుతుంది. బల్ల ఎత్తు చేసే మనిషిని బట్టి ఉండాలి. తరగడానికి మోచేతికి కొంచెం దిగువన ఉంటే చాలు, చపాతీ పిండి పిసకడానికి ఇంకా దిగువన కావాలి. గ్రానైట్ గట్టు ఎత్తును ఇల్లు కట్టినవాళ్ళు తేల్చేశారు, దాన్ని మార్చలేం. బల్లను గట్టు కన్నా రెండు మూడు అంగుళాలు తక్కువలో తెచ్చుకుంటే పిండి పనంతా దాని మీదికి పోతుంది. అమెరికాలో 36 అంగుళాల గట్ల ముందు అద్దె ఫ్లాట్లలో కాపురముండే తెలుగువాళ్ళకు ఇది మరీ పనికొస్తుంది. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాల్సిన చోట ఈ బల్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇల్లు మారితే వెంట వస్తుంది.

హైదరాబాద్‌లో 2018 ఆగస్టు 9న ఐకియా తెరిచాక మూడు అరల ఉక్కు ట్రాలీలు మన ఇళ్ళలోకీ వచ్చాయి. కూరగాయలకూ సీసాలకూ అవి చక్కటివి. కానీ పైన ఉన్నది తొట్టి, పలక కాదు. తరగడానికి కొనాలనుకునేవాళ్ళు ఆ తేడా చూసుకోవాలి.

వెట్ గ్రైండర్‌ను మాత్రం ఎంత మంచి చక్రాల బల్ల మీదా పెట్టకూడదు. దాని బరువు పైన ఉంటుంది, అదురు కిందికి దిగుతుంది, బ్రేకులు ఆ అదురుకు మెల్లగా వదులవుతాయి. గ్రైండర్ గట్టు మీదే ఉండాలి. తరుగుడూ పిసుకుడూ బల్ల మీదికి వెళ్ళిపోతే గట్టు మీద దానికి చోటు దొరుకుతుంది.